గంట దాటి ఏడో నిమిషం

నేను రాసిన ఆ కంప్యూటర్ స్క్రిప్టులో నలభై మూడు వరుసలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా తప్పు కాదు. ఈ మాట గర్వంగా చెప్పడం లేదు. తప్పై ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. ఒక అక్షరం జారిందనో, ఒక అంకె తారుమారైందనో చెప్పుకొని తలదాచుకునేవాణ్ణి. నేను ఏం చెయ్యమన్నానో ఆ స్క్రిప్టు సరిగ్గా అదే చేసింది. పదకొండు నెలలపాటు, పావుగంటకొకసారి, గురి తప్పకుండా చేసింది.

టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశాక, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండ మీద కొత్తగా వెలసిన జ్ఞాపకాల కేంద్రం నన్ను పిలిచింది. మతిమరుపు వ్యాధి మొదలైన వృద్ధుల జ్ఞాపకాలను బయట దాచి, అవసరమైనప్పుడు తిరిగి అందించడం ఆ కేంద్రం పని. చెవి వెనక చర్మం కింద బియ్యపుగింజంత పరికరం పెడతారు. మనిషి తన సంగతి ఒకటి చెబుతూ ఉండగా మెదడులో కదిలే అలల తీరును అది పట్టుకుని కేంద్రానికి పంపుతుంది. కొన్నాళ్ళకు ఆ సంగతి మెదడులోంచి జారిపోతున్నప్పుడు, కేంద్రం ఆ తీరునే వెనక్కి పంపుతుంది, మనిషికి గుర్తుకొస్తుంది. గుర్తుకొచ్చిన ప్రతిసారీ జ్ఞాపకం వెంట్రుకవాసి మారుతుంది. మీకూ నాకూ కూడా మారుతుంది. అందువల్ల మారిన రూపాన్నే కేంద్రం మళ్ళీ దాచుకుంటుంది. లేకపోతే మనిషి ఒక మాట, యంత్రం ఒక మాట చెబుతాయి.

నాకు జ్ఞాపకాలతో పని లేదు. అవి దాచిన అల్మరాతోనే పని. దాన్ని మేము స్టోరేజి క్లస్టర్ అనేవాళ్ళం. పన్నెండు యంత్రాలు కలిసి ఒకే పెద్ద అల్మరాలాగా నటిస్తాయి. నాలుగువందల పన్నెండుమంది రోగుల్లో ఒక్కొక్కరికి అందులో ఒక్కొక్క అర. నిజానికి అలాంటి అర ఏ యంత్రంలోనూ పూర్తిగా ఉండదు. ప్రతి జ్ఞాపకమూ ముక్కలై, ఒక్కొక్క ముక్క మూడు ప్రతులుగా మూడు యంత్రాల్లోకి సర్దుకుంటుంది. ఒక యంత్రం ఆగిపోతే మిగిలినవి దాని పని పంచుకుంటాయి. ఇన్ని సర్దుబాట్ల నడుమ ఏది క్షేమంగా ఉందో, ఏది చెడిందో మనిషి కళ్ళతో చూసి చెప్పలేడు. ఆ చూసే పని స్క్రిప్టుది. పావుగంటకొకసారి నిద్రలేచి ప్రతి యంత్రాన్నీ పలకరించి, ప్రతి రోగి అరలోంచీ ఒక ముక్క తీసి చదివి, మూడు ప్రతులూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి, గోడమీది తెరపై ఒక పచ్చటి గీత గీస్తుంది. గంట కొట్టగానే మొదలయ్యే పనులు వేరే చాలా ఉన్నాయి కనుక, వాటికి అడ్డం రాకుండా నా స్క్రిప్టును గంట దాటిన ఏడో నిమిషానికి లేపాను. అక్కణ్ణుంచి ఇరవై రెండు, ముప్పై ఏడు, యాభై రెండు.

ఆ ముక్కను చదవడానికి రెండు దారులున్నాయి. ఒకటి మరమ్మతులవాళ్ళు వాడే పక్కదారి. రెండోది రోగికి జ్ఞాపకం అందే రాజమార్గం. నేను రాజమార్గాన్నే ఎంచుకున్నాను. మా కేంద్రంలో మెదడు విభాగం చూసే డాక్టర్ కెజియాకు అది నచ్చలేదు.

"పక్కదారిలో చదవొచ్చు కదా సార్?" అంది.

"వంట బాగుందో లేదో వంటింట్లో గరిటె నాకి చెప్పకూడదమ్మా. విస్తరి ముందు కూర్చుని, వడ్డించుకుని తినాలి. రోగికి ఏ దారిలో అందుతుందో ఆ దారి బాగుందా అన్నదే కదా మనకు కావలసింది?"

"తినేది మనమా సార్, వాళ్ళకి తినిపిస్తున్నామా?"

నేను నవ్వాను. రాజమార్గంలో చదివినప్పుడు ముక్క రోగినీ తాకుతుంది, కానీ రెప్పపాటే. సెకనులో అయిదోవంతు కన్నా తక్కువసేపు తాకిన జ్ఞాపకం స్పృహలోకి రాదని ఆమె విభాగం రాసిన పత్రమే ఆమెకు చూపించాను. ముగ్గురు ఆరోగ్యవంతుల మీద ఒక రోజంతా పరీక్షించి, ఎవరికీ ఏమీ తెలియలేదని నిరూపించాను. ఒక్క రోజు.

ఇక ఏ ముక్క చదవాలన్నది. మా కేంద్రంలో ఒక ఆచారం ఉండేది. పరికరం పెట్టిన మొదటి రోజున రోగిని ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెట్టి, "ఎప్పటికీ మరవకూడదనుకునే సంగతి ఒక్కటి చెప్పండి" అని అడిగి, తలుపు వేసి వచ్చేసేవారు. మిగిలినవన్నీ ఆ తర్వాత. కనుక అందరి అరల్లోనూ మొదటి ముక్క అదే. అందరికీ అది ఒకే చిరునామాలో ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. స్క్రిప్టు రాసేవాడికి ఇంతకన్నా సుఖం లేదు.

*

మా అక్క పైడితల్లిని ఆ కేంద్రంలో చేర్పించింది నేనే. భీమిలిలో కొడుకు ఇంట్లో ఉంటుంది. ముప్పై ఏళ్ళు జూట్ మిల్లులో మగ్గం నడిపింది. మగ్గాల మోతకు చెవులు మందగించి, మామూలు మాట కూడా పక్కవీధికి వినబడేలా మాట్లాడుతుంది. డెబ్భై ఒకటో ఏట బియ్యం ఎక్కడ పెట్టిందో, ఆ తర్వాత బియ్యం అంటే ఏమిటో మరిచిపోవడం మొదలుపెట్టింది. పరికరం పెట్టాక మూడు వారాల్లో తేరుకుంది. మనుషుల్ని పేరుపెట్టి పిలవసాగింది. ఇరుగుపొరుగు చూసిపోవడానికి వచ్చారు. నేను పొంగిపోయాను.

నెల తిరిగాక ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. మేనల్లుడు రేవులో క్రేను నడుపుతాడు, ఇంట్లో లేడు. అతని భార్య నూకరత్నం గుమ్మంలోనే నన్ను ఆపింది.

"సిన్నాన్నా, లోపలికొచ్చి కూకోండి గాని, ఏటీ మాటాడకండి. ఒక్క పది నిమిషాలు మా అత్తని సూడండి."

అక్క అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, "ఏరా జగ్గూ, బట్టతల బాగా మెరుస్తందిరా, కొబ్బరినూనె ఏటి వాడతన్నావు?" అని గట్టిగా నవ్వింది. నేను ఏదో జవాబు చెబుతుండగానే ఆమె చేతిలోని కాయ కిందపడింది. కుడిచెయ్యి భుజం ఎత్తుకు లేచి గాలిలో నిలబడింది. తల ఒక పక్కకు ఒరిగింది. నన్ను కాక, ఎవరినో చుట్టూ ఉన్నవాళ్ళను చూస్తున్నట్టు, "ఇనపడతందేటే? ఏటీ ఇనపడ్డం నేదు సూడండే!" అంది. ఆ క్షణంలో అక్క ముఖం వెలిగిన తీరు నేను ఎన్నడూ చూడలేదు. పది లెక్కపెట్టేలోగా చెయ్యి దిగింది. కింద పడ్డ కాయ తీసుకుని మళ్ళీ ఒలవసాగింది.

"రోజంతా ఇదే," అంది నూకరత్నం నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి. "కూడు తింటన్నా ఇదే, తానం సేస్తన్నా ఇదే. ఇది జబ్బు కాదు సిన్నాన్నా. గాలి సోకింది. అల్లిపురంలో ఒకాయన దించుతాడంట."

నేను హేతువాద సంఘంలో ఇరవై ఆరేళ్ళ సభ్యుణ్ణి. నిమ్మకాయలోంచి రక్తం రప్పించేవాళ్ళ గుట్టు ఎన్ని ఊళ్ళలో విప్పానో లెక్కలేదు. పూనకం వచ్చిందన్న ప్రతిచోటా నేను వేసే ప్రశ్న ఒకటుండేది. అదే నవ్వుతూ నూకరత్నం మీదా ప్రయోగించాను.

"ఆ గాలికి గడియారం ఉందా అమ్మా?"

"గడియారమేటి?"

"ఎప్పుడెప్పుడు వస్తోందో టైము రాసిపెట్టు. పదిరోజులు రాస్తే నీకే తెలుస్తుంది, దానికో పద్ధతీ పాడూ లేదని. పద్ధతి లేనిది జబ్బు. మెదడు దెబ్బతిన్నచోట అలాంటి భ్రమలు వస్తాయి. మిల్లు మోతకు చెడిన చెవులు కదా, ఏదో వినబడనట్టూ వినబడినట్టూ ఉంటుంది."

ఈ ప్రశ్నలోని సులువు నాకు బాగా తెలుసు. టైము రాయమంటే ఎవరూ మూడురోజులకు మించి రాయరు. నాలుగోనాటికి విసుగుపుట్టి మానేస్తారు. మానేశారు కనుక సాక్ష్యం లేదంటాం. ఇన్నేళ్ళూ నేను ఇలాగే గెలిచాను.

*

కేంద్రంలో గోడమీది తెర పచ్చగా ఉండేది. సందర్శకులు వస్తే ముందుగా దాని దగ్గరికే తీసుకొచ్చేవారు. వరసగా ముప్పై రోజులు పచ్చగీత పడిన రోగి విషయంలో, మొదట రికార్డు చేసిన అసలు టేపును, మాటలతో సహా, చెరిపెయ్యవచ్చని నేనే ప్రతిపాదించాను. మనుషుల ఆంతరంగిక విషయాలు రెండుచోట్ల ఉండడం మంచిది కాదని వాదించాను. వాదన సబబుగా ఉంది. ఒప్పుకున్నారు.

రోగుల ఇళ్ళనుంచి ఉత్తరాలు వచ్చేవి. అనకాపల్లి నుంచి ఒక రిటైర్డు పోస్టుమాస్టరు భార్య: ఆయన మాటిమాటికీ లేచి గుమ్మం తలుపు తీసి ఎవరినో లోపలికి రమ్మంటున్నారు. పాలకొండ నుంచి ఒక కొడుకు: అమ్మ ఒళ్ళో ఏదో ఉన్నట్టు జోకొడుతోంది, ఆపడం లేదు. ఇలాంటివి ఇరవై ఏడు వచ్చాయి. క్లస్టర్ నివేదిక జతచేసి జవాబు రాసే బాధ్యత నాది. "మీ వారి అర సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది. మీరు గమనించినవి వ్యాధి లక్షణాలు. అపోహలకు తావివ్వవద్దని మనవి." చివరి వాక్యం నాకు ఇష్టమైన వాక్యం.

భీమిలికి వెళ్ళినప్పుడల్లా అక్కలో ఒక మార్పు కనబడేది. సంక్షేమ పింఛను సంగతి, మనవరాలి పరీక్షల సంగతి అన్నీ గుర్తున్నాయి. ఆ చెయ్యి ఎత్తడం దగ్గరే ఏదో తగ్గుతోంది. ఎండాకాలం వచ్చేసరికి ముఖంలో వెలుగు పోయింది. తర్వాత మాట పోయింది. చివరికి చెయ్యి ఒక్కటే లేచి, కాసేపు నిలబడి, దిగేది. ఎందుకు ఎత్తిందో తెలియనట్టు దానివంక తనే చూసుకునేది. "వ్యాధి ముదురుతోంది," అన్నాను నూకరత్నంతో. ఆమె ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం, గేటు దగ్గర ఒకావిడ రెండు గంటలుగా కూర్చుని ఉందని, నన్ను తప్ప ఎవరితోనూ మాట్లాడనంటోందని కబురు వచ్చింది. వెళ్ళి చూస్తే నూకరత్నం. బస్సు ప్రయాణంలో నలిగిన చీర, చంకలో చుట్టచుట్టిన గోడ క్యాలెండర్.

"ఉంది సిన్నాన్నా," అంది.

"ఏముందమ్మా?"

"గడియారం."

క్యాలెండర్ని కాపలావాడి బల్లమీద పరిచింది. నెలల కాగితాల వెనక, ఖాళీ జాగాలో, పెన్సిలుతో చిన్నచిన్న అంకెలు. పిల్లల పరీక్షలప్పుడు ఒకరోజు, పండగనాడు ఒకరోజు మానేసినట్టుంది, మిగిలినవన్నీ ఉన్నాయి. పది నెలలు. ఆమె మూడురోజులకు మానెయ్యలేదు.

"సూడండి. ఏడు. ఇరవై రెండు. ముప్పై ఏడు. యాభై రెండు. మళ్ళీ ఏడు. మా గోడగడియారం రెండు నిమిషాలు ముందుకెళ్ళిపోయినాది ఓ నెల. అప్పుడు తొమ్మిది, ఇరవై నాలుగు అని వొచ్చాయి. మీ మేనల్లుడి సేత రేడియో పెట్టించి సరిసేయించాను. మళ్ళీ ఏడుకొచ్చీసినాది."

ఆ నాలుగు అంకెలూ నా స్క్రిప్టువే. ఆమెకు నా ముఖం చూసే తీరిక లేదు. వేలితో ఒక తేదీ వెతుకుతోంది.

"ఇదొక్కటే నాకు తెలీనిది. ఈ రెండో శనివారం సూడండి. పొద్దున్న పది నుంచి మూడు దాకా ఒక్కసారీ రాలేదు. మూడూ ఏడుకి మళ్ళీ వొచ్చినాది."

"ఆ రోజు... ఆ రోజు నువ్వేం చేశావు? ఏదైనా మొక్కు? తాయెత్తు?"

"ఏటీ సెయ్యలేదు. సేస్తే దానివల్ల ఆగినాదనుకుందును. ఏటీ సెయ్యకుండా ఎందుకాగినాది? అదే అడుగుదావని వొచ్చాను."

ఆ రెండో శనివారం పది గంటలకు నాలుగో యంత్రం, ఏడో యంత్రం డిస్కులు మార్చడానికి స్క్రిప్టును నేనే ఆపాను. మూడింటికి నేనే మళ్ళీ లేపాను. ఆ సంగతి ఆ కొండ మీద ఇద్దరు ముగ్గురికి తెలుసు. భీమిలిలో ఎవరికీ తెలిసే దారి లేదు.

ఒక పరిశీలకురాలు, ఒక గడియారం, గడియారంలోని దోషానికి సవరణ, తనవల్ల కాని అంతరాయం ఒకటి, ఆ అంతరాయం మీద సరైన ప్రశ్న. ఇరవై ఆరేళ్ళుగా సభల్లో నేను శాస్త్రీయ పద్ధతి అని వివరించినదంతా ఆ పెన్సిలు అంకెల్లో ఉంది. నేను ఏమన్నానంటే, "చూస్తానమ్మా" అన్నాను. ఇంతే అన్నాను. ఆమెను బస్సెక్కించి వచ్చాను.

*

పైకి వెళ్ళగానే స్క్రిప్టును ఆపాను. కెజియాను పిలిచి అక్క అరలోని మొదటి ముక్కను పక్కదారిలో తెరిపించాను. రికార్డయిన రోజున ఆ ముక్క అలలు ఎంత దట్టంగా ఉన్నాయో నమోదులో ఉంది. ఇప్పుడు తెరమీద కనిపించింది ఒక సన్నటి గీత. మధ్యలో ఒకచోట చిన్న గుబ్బ.

"ఈ గుబ్బ చెయ్యి కదలిక సార్. మిగిలిందంతా పోయింది," అంది కెజియా.

"మూడు ప్రతులూ చూడు."

"చూశాను. మూడూ ఒకేలా ఉన్నాయి."

మూడూ ఒకేలా ఉన్నాయి. అందుకే పచ్చ. స్క్రిప్టు తాకిన ప్రతిసారీ అక్కకు ఆ సంగతి గుర్తుకొచ్చింది. వచ్చిన ప్రతిసారీ వెంట్రుకవాసి అరిగింది. అరిగిన రూపాన్ని కేంద్రం బుద్ధిగా మూడుచోట్లా దాచింది. ఒక రోజులో తొంభై ఆరు సార్లు. దాదాపు ముప్పై రెండువేల సార్లు. ఒంటిమీద చొక్కానైనా అన్నిసార్లు ఉతకం. ఒక రోజు పరీక్షలో ఆరోగ్యవంతులకు తెలియకపోవడం నిజమే. వాళ్ళ మెదళ్ళకు సొంత జ్ఞాపకాల మోత ఉంది. అందులో ఈ చిన్న తాకిడి వినబడలేదు. ఖాళీ అవుతున్న ఇంట్లో చీమ నడిచినా వినబడుతుంది.

"అసలు టేపు?" అని కెజియా అడిగింది. అడిగాక తనే తల వంచుకుంది. ఆ నియమం ఎవరిదో ఆమెకు తెలుసు.

సాయంత్రానికి నాలుగువందల పన్నెండు అరలూ చూశాం. మొదటి ముక్క క్షేమంగా ఉన్నవి పదకొండు. అవి ఆ నెలలోనే చేరినవాళ్ళవి. మిగిలినవాళ్ళు ఏం చెప్పుకున్నారో ఇక ఎవరికీ తెలియదు. పోస్టుమాస్టరు ఎవరికోసం తలుపు తీశాడో, పాలకొండ తల్లి ఎవరిని జోకొట్టిందో. వాళ్ళు ఎప్పటికీ మరవకూడదనుకున్నది ఏదో, సరిగ్గా దాన్నే ఎంచి అరగదీశాను. నేను ఎంచింది దాని విలువ చూసి కాదు. చిరునామా సులువుగా ఉందని.

"మీరు చెప్తారా సార్, నేను చెప్పనా?" అంది కెజియా.

"నేనే చెప్తాను. ఒక వారం ఇవ్వు."

"వారం ఎందుకు సార్?"

స్క్రిప్టును పక్కదారికి మార్చి మళ్ళీ నడిపాను. ఒక్క వరుస మార్పు. తెర పచ్చగానే ఉంది. ఇకమీదట ఎవరి చెయ్యీ లేవదు, ఎవరి తలుపూ తెరుచుకోదు. వ్యాధి లక్షణం దానంతటదే తగ్గిందని రాస్తే కాదనేవాళ్ళు లేరు. ఈ ఆలోచన నాకు రాలేదని రాయాలని ఉంది. వచ్చింది. తొమ్మిదిరోజులు నాతో కూర్చుని భోంచేసింది. కెజియా నాకు వారం ఇచ్చి, ఎనిమిదో రోజునుంచి నాతో మాట్లాడడం మానేసింది.

తొమ్మిదోరోజు పొద్దున్న నూకరత్నం ఫోను చేసింది.

"సిన్నాన్నా! ఆగిపోయినాది! ఆ రోజు నేను ఇంటికొచ్చేసరికే ఆగిపోయినాది. మళ్ళీ వొస్తాదేమోనని ఇన్నాళ్ళూ ఆగి సేస్తన్నాను. రానే లేదు. మీ కాళ్ళకి మొక్కాల!"

"అమ్మా, నేను..."

"నాకు తెల్దేటి? సూస్తానన్నారు, సూశారు. వీధివీధంతా సెప్పీసినాను, మా సిన్నాన్న గాలి దించీసినారని. అల్లిపురం ఆయన ఎందుకూ పనికిరాడు మీ ముందు. ఎదురింటి సూరమ్మ కూతురికి ఆర్నెల్లనుంచి ఒంట్లో బాగులేదు. మీరొచ్చినప్పుడు ఓసారి సూడమంతన్నారు. ఏటి తేవాలి, నిమ్మకాయలా, కొబ్బరికాయా?"

ఆమె పరిహాసమాడటం లేదు. ఫోను పెట్టేశాను. తను తెచ్చిన జబ్బును తనే తీసేసి, దండం పెట్టించుకునేవాళ్ళను నేను ఎంతమందిని పట్టిచ్చానో. వాళ్ళలో చాలామందికి నా అంత చదువు లేదు. నా అంత మౌనం కూడా వాళ్ళు పాటించి ఉండరు.

ఆ మధ్యాహ్నమే జరిగినదంతా రాసి, సంతకం చేసి డైరెక్టరుకు ఇచ్చాను. నాలుగువందల ఒక్క కుటుంబాలకు ఉత్తరం ముసాయిదా కూడా జతచేశాను. అందులో వ్యాధి అన్న మాట లేదు. ఆయన చదివి, "ఇంత వివరంగా అవసరమా జగన్నాథంగారూ? సాంకేతిక సవరణ జరిగిందంటే సరిపోతుంది కదా," అన్నాడు. రెండో ప్రతి కెజియా దగ్గర ఉందని చెప్పాను. ఆ వాక్యం అనడానికి నాకు తొమ్మిదిరోజులు పట్టింది. తర్వాత భీమిలి బస్సెక్కాను.

*

నూకరత్నం గుమ్మంలోకి ఎదురొచ్చింది. పక్కింటివాళ్ళు ఇద్దరు నన్ను చూసి లేచి నిలబడ్డారు. వాళ్ళ ముందే చెప్పాను. గాలి లేదనీ, నేను దించింది ఏమీ లేదనీ, పావుగంటకొకసారి ఆమెను తాకింది నేను రాసిన స్క్రిప్టేననీ, ఆ శనివారం ఎందుకు ఆగిందో కూడా చెప్పాను. తెలుగులో అర్థమయ్యేలా చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"అయితే ఆ గాలి మీరేనా సిన్నాన్నా," అంది నూకరత్నం.

"నేనేనమ్మా."

"నేను సెప్పినప్పుడు నవ్వీసినారు."

"నవ్వాను."

"ఆ శనివారం సంగతి ఆ రోజే మీకు తెలిసిపోయినాది. గేటుకాడే. మీ మొకం సూడకపోవడం నాదే తప్పు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకు సెప్పడం కాదు. లోపలికెళ్ళి ఆవిడికి సెప్పండి."

అక్క మంచం మీద కూర్చుని మనవరాలి గౌనుకు బొత్తాం కుడుతోంది. చూపు ఆనక సూదిని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. నేను కింద కూర్చున్నాను.

"ఏటిరా అల్లాగున్నావు? ఒంట్లో బాగులేదేటి?"

"అక్కా, నావల్ల నీ జ్ఞాపకం ఒకటి పోయింది."

"ఏదీ?"

"కేంద్రంలో మొదటిరోజున చెప్పావు. ఎప్పటికీ మరిచిపోకూడదని చెప్పావు."

అక్క సూది ఆపి ఆలోచించింది. నిజాయితీగా వెతికింది. ఆ వెతకడం చూస్తూ కూర్చోవడం కన్నా పెద్ద శిక్ష నాకు వేరే లేదు. మిల్లు సంగతి అయి ఉంటుందని, ఏదో ఒకనాడు మగ్గాలన్నీ ఆగిపోయిన సంగతి అయి ఉంటుందని నేను ఊహించగలను. అక్కే ఆపిందా, ఎందుకు ఆపింది, ఆ మోత ఆగినప్పుడు చుట్టూ ఎవరెవరున్నారు. ఊహించి చెబితే అది అక్క నెత్తిన రుద్దిన నా కథ అవుతుంది. ఆమెది కాదు.

"మంచిదేనా అది?" అని అడిగింది.

"తెలీదక్కా. నేను వినలేదు."

"అదేటి, నువ్వే గదా తీసికెళ్ళావు?"

"గది బయట ఉన్నాను. యంత్రాలు చూసుకుంటున్నాను."

అక్క నావంక చూసింది. కోపం లేదు. సరదా పుట్టినట్టుంది.

"నాకు గురుతు నేదు. నువ్వు ఇన్నేదు. మరి అలాటిదొకటి ఉండేదని నీకెలా తెలుసురా?"

నా జీవితమంతా నేను ఇతరులను అడిగిన ప్రశ్న అది. సాక్ష్యం ఏది అని. నా దగ్గర ఒక్కటే సాక్ష్యం ఉంది. నమోదు పుస్తకంలో ఉన్న ఒక కొలత.

"నలభై ఒక్క నిమిషాలు చెప్పావక్కా."

"నలభై నిమిషాలే!" అక్క చేతిలోని గౌను ఒళ్ళోకి జారింది. ఆశ్చర్యంతో గుమ్మంలో ఉన్న కోడలివంక చూసి, "ఇన్నావేటే? నలభై నిమిషాలంట!" అంది. మళ్ళీ నావైపు తిరిగింది.

"అంతసేపు కూకుని నా మాట ఇన్నదెవరురా?"

నేను తల ఎత్తలేదు.

"మిషను, అక్కా."